హిట్లర్ సారుకు వీడ్కోలు ఫ్లెక్స్

మా పుంగనూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు గోవిందరాజులును పిల్లలే కాదు, టీ అంగడివాళ్లు కూడా హిట్లర్ సారనే పిలిచేవారు. ఆ పేరంటే ఆయనకు మహా మురిపెం. ఈల ఊదితే గ్రౌండంతా కిక్కురుమనకూడదు, అంతే. ఆయన రిటైర్మెంటు సభకు తొమ్మిదో తరగతి పిల్లలు ‘మా హిట్లర్ సారుకు వీడ్కోలు’ అని ఫ్లెక్స్ వేయించి కడితే, టీచర్లమంతా బాగుందనే అన్నాం.

బాగాలేదన్నది సోషల్ చెప్పే సల్మా ఒక్కతే. రామసముద్రంలో పుట్టి, మదనపల్లెలో టైలరు హమీద్‌ను పెళ్లాడి, రోజూ బస్సులో నిలబడి వచ్చే మనిషి. గొంతు పెంచగా నేను వినలేదు గానీ, ఒట్టి మొండిఘటం.

"ఆ పేరు స్టేజీ ఎక్కితే ఇంక నేను పాఠం సెప్పి ఏం లాభం అంబికా?" అంది.

"ఊరుకో తల్లీ. పోయే రోజు పెద్దాయన మనసు యాల నొప్పిస్తావు?" అని కసిరాను. వింటేగా! ఫ్లెక్స్ జోలికి పోకుండా, నేరుగా ఆ తొమ్మిదో తరగతిలోనే నాజీల పాఠం మొదలుపెట్టింది.

ఈ సంగతి ఎవరో గోవిందరాజులు చెవిన వేశారు. ఆయన కళ్లెర్రజేసి క్లాసులోకి వస్తుంటే, పక్క గదిలోంచి నేనూ పరిగెత్తాను.

"నా పేరు తప్పంట కదమ్మా. ఆ హిట్లర్ డిసిప్లిన్ ఉండే మనిషి. ఏం తప్పుండాదో నాకూ సెప్పు."

"కూసోండి సార్. పాఠం విని మీరే సెప్పండి."

ఆయన చివరి బెంచీలో కూర్చున్నాడు. సల్మా తొణకలేదు. యూదులను ఇళ్లలోంచి లాగి రైళ్లెక్కించడం, లక్షలాది మందిని గ్యాసు గదుల్లో చంపడం, ఆ పనంతా వేళ తప్పకుండా, ఎంతో క్రమశిక్షణతో చేయడం చెప్పింది. వికలాంగులైన పిల్లలను వైద్యమని తీసుకుపోయి చంపేసి, జబ్బుతో పోయారని ఇంటికి కబురు పంపడమూ చెప్పింది.

ముందు బెంచీలో రమ్యశ్రీ చెయ్యెత్తింది. ఆమె గోవిందరాజులు మనవరాలే. పుట్టుకతోనే కాళ్లు సరిగా లేవు, మాట తడబడుతుంది. రోజూ తాతే స్కూటర్ మీద తెచ్చి, ఎత్తుకుని బెంచీలో కూర్చోబెడతాడు.

"నన్ను... నన్ను గూడా తీసకపోయుంటారా టీచర్?"

సల్మా వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"అవునమ్మా. ఎవురూ అడ్డం రాకుంటే, నిన్ను గూడా."

గోవిందరాజులు లేచి వెళ్లిపోయాడు. సాయంత్రం బస్టాండులో, ఆ పిల్లతో అంత మాట అనాల్సి వచ్చిందని సల్మా ఒకటే ఏడుపు. నాకు జాలి, కోపం రెండూ వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే పిల్లలు తమంతట తామే ఫ్లెక్స్ విప్పేద్దామని వచ్చారు. అప్పటికే నిచ్చెనెక్కి తాళ్లు కోస్తున్నాడు గోవిందరాజులు! నిచ్చెన కింద పట్టుకున్నది సల్మా. చూసి నా కడుపు నిండిపోయింది.

సభలో ఆయన మైకు పట్టుకున్నాడు. "ఇన్నేండ్లూ తెలీక ఆ పేరుకు పొంగిపోయినానప్పా. తెల్సినాక గూడా మోస్తే నా మనవరాలి మొగం ఎట్ల సూసేది? నా పేరు గోవిందరాజులు. ఒకసారి నోరారా పిలవండి."

పిల్లలు హాలు అదిరేలా పిలిచారు. రమ్యశ్రీ మాత్రం ఇంకా ‘గోవింద’ దగ్గరే ఉంది. అంత అల్లరి మూకా గప్‌చుప్‌గా ఆగింది, ఆ పిల్ల తాత పేరు పూర్తిచేసేదాకా.