నా చింతపిక్కల లెక్క ఆసుపత్రిలో చెల్లింది

నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. చివరి కాన్పు నాటి నుంచి నాకు దొడ్డికి ఆపుకునే పట్టు లేదు. ఆ భయంతోనే మా ఊరి సాక్చి బజారు మొహం చూసి ఏళ్లయింది. ఈ బాధకు కొత్త వైద్యం పరిశోధిస్తున్నారని తెలిసి పోయిన వారం ఆసుపత్రికి వెళ్తే, ఒక పుస్తకం ఇచ్చి, వారం రోజులు ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు ఆగలేదో రాసి తెమ్మన్నారు. నాకు చదువు రాదని అప్పుడు చెప్పలేదు.

ఈ రోజు డాక్టరమ్మ పుస్తకం తెరిచింది. ఈ హిందీ ఊళ్లో మన తెలుగమ్మాయే, ఇక్కడే సోనారి పేటలో ఉంటుంది.

"మామ్మగారూ, అంతా ఖాళీ. రాయకపోతే మిమ్మల్ని చేర్చుకోలేం."

నేను ఏడు గుడ్డమూటలు విప్పి, చింతపిక్కలు ఏ రోజువి ఆ రోజుగా బల్ల మీద వరసగా పోశాను.

"ఖాళీ ఏటి? రోజుకో మూట. నల్లపిక్క ఆగనిది. అరగదీసిన తెల్లపిక్క ఆగింది. లెక్కెట్టుకో."

"గురువారం ఐదు నల్లవా?"

"ఆ రోజు నాలుగు టీలు తాగినాను. అబద్ధమాడతానేటి?"

ఆమె నవ్వి, పిక్కలన్నీ లెక్కపెట్టి తనే రాసుకుంది. "ఈ వైద్యం పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదు మామ్మగారూ."

"నా మీదే తెలుసుకోండి," అని ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేశాను. సోమవారం వైద్యం మొదలు! ఆటోలో పాట పాడుకుంటూ వచ్చాను.

"దాదీ, యే సబ్ భీ లిఖూఁ?" అని, ఇవన్నీ కూడా రాయాలా అని మనవరాలు సిగ్గుపడుతోంది. రాయవే, ఒక్క ముక్క వదలకు.

నాలాగే ఇంట్లో దాక్కున్నవాళ్లు ఎవరున్నారు? చెప్పండి. నా దగ్గర డబ్బాడు పిక్కలున్నాయి, పంచిపెడతాను.