గొర్రె తలెత్తితే పాసు

నటన నేర్పడానికి ఏమేం సామాన్లు కావాలని మాలకొండయ్యను అడిగితే, ఒక బోడిగుట్ట, అరవైనాలుగు గొర్రెలు చాలంటాడు. అద్దం కూడా వద్దంటాడు. అద్దం ముందు నిలబడ్డవాడు తన మొహం చూసుకుని తానే మురిసిపోతాడట. గొర్రె దగ్గర ఆ మొహమాటాలేవీ ఉండవు, నచ్చకపోతే మేత మీదనుంచి తల ఎత్తదు. అందుకే ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో ఉన్న వాళ్ల ఊరి హైస్కూలు పిల్లలకు ఇరవై రెండేళ్లుగా పరీక్ష ఒకటే. గుట్ట మీద మేస్తున్న మందకు యాభై అడుగుల దూరంలో నిలబడి తన డైలాగు చెప్పాలి. గొర్రె తలెత్తితే పాసు. ఎత్తకపోతే మళ్లీ రేపు.

నవ్వకండి. ఆ పరీక్షలో తప్పి, ఇక లాభం లేదని రాజకీయాల్లోకి పోయినవాళ్లు ఇద్దరున్నారు.

మాలకొండయ్యకు మాత్రం ఈ విద్య ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. వయసులో ఉండగా ఊరి నాటకంలో భటుడి వేషం వేసేవాడు. "ప్రభూ, శత్రుసైన్యం కోటను చుట్టుముట్టింది" అన్నది ఆయనకున్న ఒకే ఒక్క మాట. గొర్రెల వెంట తిరిగి గుట్టకూ గుట్టకూ మధ్య అరిచి అలవాటైన గొంతు కదా, ఆ మాట అన్న మొదటిరోజే కట్టేసిన ఎనుములు పలుపులు తెంచుకున్నాయి, ఊరి చివర ఒక ముసలవ్వ నిజంగానే ఎవరో వచ్చారని తలుపు గడియ పెట్టుకుంది. మర్నాడు బళ్లో తెలుగు అయ్యవారు ఇంటికొచ్చి, మా పిల్లలకు ఆ గొంతు కాస్త నేర్పమని అడిగాడు. ఇక అంతే.

అప్పటినుంచి తెలుగు అయ్యవార్లు ఏడుగురు మారారు, మాలకొండయ్య మారలేదు. పోటీలకు పోయినప్పుడల్లా మైకులో "దర్శకత్వం" అని ఒక పేరు వచ్చేది, ఆ పేరు మాత్రం ఎప్పుడూ ఆ కుర్చీలో కూర్చున్న అయ్యవారిదే. ఒకాయన అయితే నాటకం రోజున జ్వరంతో ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నాడు. అయినా దర్శకత్వం ఆయనదే! తనకు శాలువాలు అక్కర్లేదు, కుర్చీ అక్కర్లేదు, ఒక్కసారి తన పేరు మైకులో మోగితే చాలని మాలకొండయ్య కోరిక. అదేమంత పెద్ద కోరికండీ? తిరణాలలో తప్పిపోయిన మూడేళ్ల పిల్లోడి పేరు కూడా మైకులో నాలుగుసార్లు చెబుతారే! వాడు చేసిన ఘనకార్యం అమ్మ కొంగు వదిలేయడమేగా!

పాపం, ఆ పేరు ఇంట్లో కూడా మోగదు. ఆయన పెళ్లాం దేవకమ్మ పాతకాలపు మనిషి, మొగుడి పేరు పలకదు. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని వాళ్లమ్మ చెప్పి పంపింది. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్లలో "ఏమయ్యో", "ఇదిగో", "మా ఆయన" తప్ప ఇంకో మాట ఆమె నోట రాలేదు. ఆధార్ కార్డు కోసం ఫొటో దిగేటప్పుడు భర్త పేరేంటని అడిగితే కంప్యూటర్ అబ్బాయికి మొగుణ్నే వేలితో చూపించి, "అదిగో, అడుగు" అంది.

ఈ ఏడు బడికి రమేష్‌బాబు అని కుర్ర తెలుగు సారు వచ్చాడు. ఏదో శిక్షణకు పోయి, అక్కడిచ్చిన నాటక బోధన సామగ్రి అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. అందులో ఒక మెత్తటి బంతి, ఒక చిన్న గంట, చదివితే నిద్రొచ్చే పుస్తకం, ఒక్కో భావానికి ఒక్కో బొమ్మ గీసిన ఆరు కార్డులు ఉన్నాయి. కార్డు చూపిస్తే పిల్లలు ఆ భావం మొహంలో పెట్టాలి. ఆశ్చర్యం కార్డు ఎత్తగానే ముప్పైమంది పిల్లలూ ఒకేసారి నోళ్లు తెరిచారు. పళ్ల డాక్టరు వచ్చినట్టుంది తప్ప ఎవరూ ఆశ్చర్యపోయినట్టు లేదు.

మాలకొండయ్య కిటికీలోంచి చూసి, "సారూ, పిలకాయల్ని పెట్టెతో సహా గుట్ట మీదికి తీసకరాండి" అన్నాడు.

తీసుకొచ్చాడు. వెంటనే ఒక ముసలి గొర్రె దుఃఖం కార్డును నమిలి మింగేసింది. అప్పటినుంచి ఆ బళ్లో దుఃఖం ఎవరికి వాళ్లు సొంతంగా నేర్చుకోవాల్సి వచ్చింది.

రమేష్‌బాబు మంచివాడు. వారం రోజులు గుట్ట మీద చూసి, ఈ మనిషి ముందు తన పెట్టె దండగని ఒప్పుకున్నాడు. "ఈసారి ఆత్మకూరు పోటీలో మీ పేరు మైకులో చెప్పించే పూచీ నాది" అన్నాడు. ఆ మాట విన్న రోజు మాలకొండయ్య తన తెల్లచొక్కా పెట్టెలోంచి తీసి, మూడు వారాలు ముందుగానే ఇస్త్రీ చేయించుకున్నాడు.

నాటకం పేరు "ప్లాస్టిక్ రాక్షసి". రాక్షసి వేషం తొమ్మిదో తరగతి వంశీది. కవర్లు కుట్టిన గోనెపట్టా చుట్టి, పొట్ట పెద్దగా కనబడాలని లోపల ఎండు వేరుశనగ తీగ కూరారు. భూమాత వేషం మధులతది. చివర్లో రాక్షసి మీదపడుతుంటే భూమాత "నా బిడ్డలారా, రండి!" అని పిలవాలి, తెర వెనకనుంచి ఎనిమిదిమంది పిల్లలు ఉరికొచ్చి రాక్షసిని పడగొట్టాలి. చిక్కంతా ఆ పిలుపు దగ్గరే వచ్చింది. మధులత గొంతు లేత గొంతు, పక్కనున్నవాళ్లకే సగం వినబడదు. పది రోజులు నిలబెట్టినా ఒక్క గొర్రె తలెత్తలేదు. ఒకటైతే ఆ పిల్ల ముందే పడుకుని కునుకు తీసింది.

"తాతా, నాకు రాదులే, ఇంకోళ్లకి ఇయ్యి" అని మధులత ఏడ్చింది.

అప్పుడు మాలకొండయ్య గొర్రెల కాపరి ఎవడూ చేయని పని చేశాడు. మందకు ఒక పిలుపు ఉంటుంది. నాలుక మడిచి, కడుపులోంచి లాగి, చివర ఒక విరుపు విరిచి వదిలే కేక. ఏ మంద పిలుపు దానిదే, దాన్ని పొరుగువాడికి ఇవ్వరు. ఇస్తే మంద వాడి వెనక పోతుంది. ఆ పిలుపును మాలకొండయ్య ఆ పిల్లకు ఇచ్చాడు. "రండి అన్నాక దీన్ని తగిలించు బిడ్డా. హోఓఓ... బ్రే... బ్బా! గొంతుతో గాదు, కడుపుతో."

నాలుగో రోజుకు అరవైనాలుగు గొర్రెలూ తలెత్తడమే కాదు, వచ్చి మధులత పావడా నాకాయి. ఆయన ధైర్యం ఏమిటంటే, పోటీ నాటికి మంద ఎలాగూ ఊళ్లో ఉండదు. కోతలవగానే కాలవకింద రైతులు ఎరువు కోసం మందను పొలాల్లో నిలపమని పిలుస్తారు. దేవకమ్మ తమ్ముణ్ని తోడు తీసుకుని చేజర్లకు మందను తోలుకుపోయింది కూడా. చేజర్ల ఎక్కడ, ఆత్మకూరు ఎక్కడ!

పోటీకి ముందురోజు దేవకమ్మ ఫోన్ చేసింది. "ఏమయ్యో, ఈడ పనైపోయినాది. ఆత్మకూరు రైతు పిలస్తా ఉండాడు. పోటీ పెట్టే బడి పక్క వరికయ్యల్లోనే అంట. తోలుకోని పోతా ఉండా, ఇంటివా?"

మాలకొండయ్య అప్పుడు రాక్షసి పొట్టలో తీగ సర్దుతున్నాడు. "ఊఁ, ఊఁ" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఆ ఊఁ విలువెంతో తెలిసి కూడా దేవకమ్మ నమ్మింది.

మర్నాడు ఆత్మకూరులో బడి మైదానం పిల్లలతో, తల్లిదండ్రులతో నిండిపోయింది. మైకు పట్టుకున్నాయన రామనారాయణ అని, గుంటూరు వైపునుంచి కొత్తగా బదిలీపై వచ్చిన మాస్టారు. పోటీ ఫారంలో దర్శకుడి గడిలో బడి ఉద్యోగి పేరే రాయాలట. అందుకని రమేష్‌బాబు "నటన నేర్పినవారు: మాలకొండయ్య గారు" అని విడిగా చీటీ రాసి రామనారాయణ చేతికిచ్చాడు. "తప్పకుండా" అని ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టాడు. కాసేపటికి మైకు బల్ల ఊగుతోందని ఆ మడతలను బల్లకోడు కింద దోపాడు. బల్ల నిలిచింది.

మాలకొండయ్య ఇస్త్రీ చొక్కాతో, తలకు నూనెతో, సరిగ్గా సౌండుబాక్సు ముందు నిలబడ్డాడు. ఒక్క అక్షరం కూడా పక్కకు పోకూడదని ఆయన ఏర్పాటు.

"తదుపరి నాటకం ప్లాస్టిక్ రాక్షసి. దర్శకత్వం, రమేష్‌బాబు" అని సౌండుబాక్సు ఆయన చెవిలో అరిచింది. ఆ తర్వాత గరగరమంది. అంతే.

మాలకొండయ్య మనసు చివుక్కుమంది. తెర వెనకనుంచి రమేష్‌బాబు చేతులూపడం ఆయన చూడలేదు. మెల్లగా జనం చివరికి పోయి, వేపచెట్టు కింద స్టేజీకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లు నేర్పినవాడు ఆ రోజు నాటకం చూడలేదు.

కానీ విన్నాడు. చెవులకు అలక తెలియదు కదా. చివరి ఘట్టంలో మధులత "నా బిడ్డలారా, రండి!" అంది. ఆ వెనకే కడుపులోంచి లాగి, విరిచి, మైకులో వదిలింది: "హోఓఓ... బ్రే... బ్బా!"

అబ్బ, ఏం పిలిచిందీ అనుకునేలోగా పక్క కయ్యల్లో అరవైనాలుగు తలలు లేచాయి.

అడ్డంగా వేసిన కంపను తోసుకుని, కుర్చీల మధ్యనుంచి, పెద్దమనుషుల కాళ్ల సందుల్లోంచి భూమాత బిడ్డలందరూ స్టేజీ ఎక్కారు. ఎక్కి మొదట అమ్మ పావడా నాకారు. తర్వాత వాటికి వేరుశనగ తీగ వాసన తగిలింది. వంశీ "నేను ప్లాస్టిక్ రాక్షసిని! నన్నెవరూ..." అన్నంతవరకే అన్నాడు. తర్వాత, "ఓరి నాయనో, పొట్ట తింటా ఉండాయిరో!" అన్నాడు. అది స్క్రిప్టులో లేదు. జనం మాత్రం ఇంత గొప్ప ముగింపు ఎప్పుడూ చూడలేదని లేచి చప్పట్లు కొట్టారు. రాక్షసి గోనెపట్టా వదిలేసి నిక్కరుతో పరుగు తీశాడు. ఒక పొట్టేలు న్యాయనిర్ణేతల బల్ల ఎక్కి మార్కుల కాగితాలు మొదలుపెట్టింది.

"గొర్రెల తాలూకు మనిషి ఎక్కడున్నా స్టేజీ దగ్గరకు రావలెను!" అని రామనారాయణ అరిచాడు.

మాలకొండయ్య తిరిగి చూశాడు, అవి తన గొర్రెలేనని గుర్తుపట్టాడు, అయినా లేవలేదు. "పేరు లేనోణ్ని నేనెందుకు పోవాల" అనుకుని ఇంకొంచెం అటు తిరిగాడు.

ఇంతలో దేవకమ్మ కర్ర పట్టుకుని రొప్పుతూ వచ్చింది. తమ్ముడేమో అన్నం తేవడానికి పోయాడు, ఒక్క చేత్తో అరవైనాలుగింటిని ఎక్కడని తోలుతుంది? "మా ఆయన ఈడనే యాడనో ఉండాడు సార్, పిలవండి" అంది.

"పేరు చెప్పమ్మా."

దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను జెప్పగూడదు సార్. శనివారం ఒక్కరోజే గుడి తెరస్తారే, కొండమీద సామి, ఆ సామి పేరే."

ఈ పక్కవాళ్లెవరైనా మాలకొండ సామి అని ఇట్టే చెప్పేవారు. గుంటూరాయనకేం తెలుసు? శనివారం, కొండ అనగానే ఆయన మైకులో, "వెంకటేశ్వర్లు గారూ, రావాలి!" అన్నాడు.

"ఆయన గాదు సార్!"

"నరసింహులు గారూ!"

"సామి ఆయనే గానీ పేరు అది గాదు!"

"ఏడుకొండలు గారూ!"

వేపచెట్టు కింద మాలకొండయ్య పళ్లు నూరుతున్నాడు. ఇరవై రెండేళ్లు ఎదురుచూస్తే మైకులో ఊళ్లో లేనివాళ్ల పేర్లన్నీ మోగుతున్నాయి! ఈలోగా పొట్టేలు మార్కులు పూర్తిచేసి పూలదండ అందుకుంది. దేవకమ్మకు ఓపిక నశించింది. రామనారాయణ చేతిలో మైకు గుంజుకుంది.

"మాలకొండయ్యా! ఓ మాలకొండయ్యా! పిలకాయలకి ఇరవై రెండేండ్లుగా నాటకం నేర్పింది నువ్వే గదా! నీ గొర్రెలకి నేర్పింది గూడా నువ్వే గదా! వచ్చి తోలుకోని పో!"

ఆత్మకూరు బస్టాండు దాకా వినబడిందా మాట. అరవైనాలుగు గొర్రెలూ తలెత్తాయి. మాలకొండయ్య కూడా ఎత్తాడు. దేవకమ్మ నాలుక కరుచుకుని, మైకును పాముపిల్లలా దూరంగా పట్టుకుంది.

మైదానమంతా తన వైపు తిరిగితే మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. చొక్కా దులుపుకున్నాడు. మీసం సవరించుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, ఎందుకు దాచాలి, ఏడ్చాడు. కానీ అడుగు మాత్రం వేయలేదు.

"వినపళ్లేదా? రా మాలకొండయ్యా!" అని దేవకమ్మ రెండోసారి అరిచింది.

అప్పుడు కదిలాడు.

బహుమతి రాలేదు. పాత్రధారులు పదిమందికి మించరాదన్న నిబంధన ఉందట, వీళ్లు డెబ్బై నాలుగుమంది తేలారు. రమేష్‌బాబు బాధపడుతుంటే మాలకొండయ్యే ఆయన భుజం తట్టి ఓదార్చాడు. మందను మళ్లీ కయ్యల్లోకి తోలేటప్పుడు దేవకమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"రెండుసార్లు పలికినాను. నీ ఆయుష్షు ఎంత తగ్గిపోయినాదో ఏమో!"

"మూడుసార్లు," అన్నాడు మాలకొండయ్య. "నేను లెక్కబెట్టుకున్నా. తగ్గితే తగ్గనీలే మే, ఇంకోసారి అను."

దేవకమ్మ అనలేదు. ముందు పోతున్న పొట్టేలును కర్రతో ఒకటి వేసి, "ఏమయ్యో, గబగబా నడువు" అంది.