సాక్ష్యంలో చెప్పేసిన పాస్‌వర్డ్

నా తెలివితక్కువతనాన్ని సైతం భరించి ఇంతవరకు నడిపించిన దేవునికే మహిమ కలుగును గాక. ఆ రోజుల్లో నాకు ఏ చిన్న మేలు జరిగినా సంఘంలో నిలబడి చెప్పేదాకా కాలు నిలిచేది కాదు (బస్సులో సీటు దొరికినా సాక్ష్యమే). జగ్గయ్యపేట నుంచి రోజూ నందిగామ వెళ్లి ఒక విత్తనాల వ్యాపారి ఆఫీసులో పనిచేసేవాణ్ణి. చేరి నెల కాలేదు. ఓనరు గారు కొత్తగా కెమెరాలు, వైఫైతో పాడే స్పీకరు, అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం తెప్పించి, "ఇయ్యన్నీ నీ పూచీ. తేడా వస్తే ఇంటికే" అన్నారు.

ఏ పాస్‌వర్డ్ పెట్టాలో తోచక ప్రార్థించాను. కొత్త సంవత్సరపు ఆరాధనలో నాకొచ్చిన, బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు గుర్తొచ్చింది. ఆ వచనం నంబరునే వైఫైకీ, కెమెరాలకీ, తాళానికీ పెట్టేశాను. అంతటితో ఊరుకున్నానా? నేను వెళ్లే మందిరం కూడా నందిగామలోనే, ఆఫీసు గోడకు ఆనుకునే ఉంటుంది. ఆదివారం అక్కడ నిలబడి, "ప్రభువే నాకు పాస్‌వర్డ్ చూపించాడు" అని వచనంతో సహా చెప్పాను. అందరూ హల్లెలూయ అన్నారు.

బుధవారం ఓనరు గారు రైతులతో మాట్లాడుతుండగా స్పీకరు దానంతటదే ఆరాధన పాట అందుకుంది.

"ఏందయ్యా ఇది? నువ్వు పెట్టావా?"

"నేను ముట్టుకోలేదండి."

"మరి మీ దేవుడు పెట్టాడా?"

రైతులు నవ్వారు. ఆపితే మళ్లీ మొదలైంది, ఇంకా గట్టిగా. ఆదివారం చెప్పిన సాక్ష్యం గుర్తొచ్చి మందిరానికి పరుగెత్తాను. అక్కడ స్త్రీల కూటం. పాస్టరమ్మ గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "పాట పెడుతున్నా గానీ వినపడట్లా తమ్ముడూ! నువ్వు చెప్పిన వచనం కొడితే అందరి ఫోన్లకీ నెట్టొచ్చింది. దేవుడు నిన్ను దీవించు గాక!" అన్నారు.

ఆ ఫోన్లోని పాటే మా స్పీకరులో మోగుతోంది! తాళానికీ అదే నంబరని అప్పుడు గుర్తొచ్చింది. తిరిగొచ్చి, ఉద్యోగం పోయినట్టేననుకుంటూ ఓనరు గారి ముందు అంతా ఒప్పుకున్నాను.

"మిషను పాడైందని చెప్తే నమ్మేవోణ్ణి కదయ్యా."

"అబద్ధం ఆడలేనండి."

"అదే నీ రోగం. కూర్చో. ముందు తాళం మార్చు. ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టు. నాక్కూడా చెప్పమాక, రాసి బీరువాలో పెట్టు. ఆ ఆడోళ్లకి మాత్రం వేరుగా ఒక నెట్టు పెట్టియ్యి. పాడుకుంటుంటే ఆపడం బాగోదు."

ఇప్పుడు నాలుగు ఆఫీసుల్లో ఇలాంటి పరికరాలు నేనే చూసుకుంటున్నాను. ఏ పాస్‌వర్డూ పెదవి దాటదు. కానీ చిన్న మేలుకే పొంగిపోయి లేచి నిలబడే ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. చదువుతున్న మీరూ నాతోపాటు తలవంచండి: ప్రభువా, మాకు జాగ్రత్త నేర్పు. ఆ సంతోషాన్ని మాత్రం తీసేయకు. ఆమేన్.