అది కంప్యూటర్ కాదు, మా వదిన

పదేళ్లు దాటింది. ఒక అబద్ధాన్ని ఇంతకాలం మోస్తే దాని బరువు తెలియకుండా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బరువు అలాగే ఉంటుంది. దాన్ని నెత్తిన పెట్టుకునే నవ్వడం, తినడం, శాలువాలు కప్పించుకోవడం మనకు అలవాటవుతుంది. నాకు అలవాటయింది. బాగా అలవాటయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం చెప్పను. ముంబయి పక్కన భివండీలో మన తెలుగువాళ్ల పెళ్లిళ్లకు, బతుకమ్మలకు వచ్చినవాళ్లు నా గొంతు వినే ఉంటారు. ఆ ఒక్క పాటయితే తప్పకుండా విని ఉంటారు. గల్లీ మొదట్లో పెద్ద స్పీకరు పెడితే గల్లీ చివరింట్లో గిన్నెలు అదిరే పాట. నాకు ఇల్లు, పేరు, మర్యాద తెచ్చిపెట్టిన పాట. ఆ అదురు నాది కాదు. మా సుగుణ వదినది.

వదిన మా అన్న భార్య. కామత్‌ఘర్‌లో మా ఇంటికి కోడలిగా వచ్చిన రోజు బట్టల పెట్టెతో పాటు ఒక పొడవాటి నల్లసంచీ కూడా తెచ్చింది. అందులో గిటారు. మా అమ్మ దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇదేంది, నాలుగే తీగలున్నయి? రెండు తెగిపోయినయా?"

వదిన పడీ పడీ నవ్వింది. "తెగలేదత్తా. గిది గింతే. దీన్ని బేసంటరు."

ఆమె ముంబయిలో ఒక్క గది ఇళ్ల చాల్‌లో పుట్టి పెరిగింది. వాళ్ల నాయన సినిమా పాటల రికార్డింగుల్లో, పాట అడుగున గుమ్మని మోగే ఈ బేసు గిటారు వాయించేవాడు. పిలిచిన రోజు వెళ్లడం, వాయించడం, ఇంటికి రావడం. అంతే ఆయన బతుకు. రేడియోలో ఆ పాట వచ్చేది. పాడినవాళ్ల పేరు చెప్పేవారు, రాసినవాళ్ల పేరు చెప్పేవారు, సంగీతం కట్టినవాళ్ల పేరు చెప్పేవారు. అప్పుడాయన లేచి రేడియో ముందు నిలబడి "నా పేరు మింగినవ్ గదరా" అని తిట్టేవాడట. ఈ సంగతి వదిన నవ్వుతూనే చెప్పేది. కానీ చెబుతున్నంతసేపూ దవడ బిగుసుకుని ఉండేది. కొడుకులు అటువైపు రానంటే ఆయన తన విద్యంతా కూతురికి నేర్పాడు. ఏ పాట కిందా పేరు లేకుండానే పోయాడు.

వదిన అణిగిమణిగి ఉండే మనిషి అనుకోకండి. నోరు పెద్దది. తన చేతిలో ఏముందో తనకు తెలుసు, తెలుసని దాచుకోదు కూడా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి కథల్లో మోసపోయినవాళ్లను నోట్లో నాలుక లేనివాళ్లుగా చూపిస్తే మోసం చేసినవాళ్లకు కొంచెం హాయిగా ఉంటుంది. నాకు ఆ హాయి అక్కర్లేదు.

అప్పట్లో నేను పాడిన పాటల్ని నాగావ్‌లో ఒక మగ్గాల కార్ఖానా వెనక గదిలో రికార్డు చేసేవాళ్లం. మిగతా రోజుల్లో ఆ చప్పుడులో మన మాట మనకే వినపడదు. శుక్రవారం మగ్గాలు బంద్ ఉంటాయి కాబట్టి ఆ రోజే మా పని. ఆ శుక్రవారం నా పాట నడవడం లేదు. ఎన్నిసార్లు పాడినా తడిసిన బట్టలా కిందికి వేలాడుతోంది. కీబోర్డు వాయించే అతను ఏవేవో మీటలు నొక్కుతున్నాడు. మూల స్టూలు మీద గిటారుతో కూర్చున్న వదిన విసుక్కుంది. "నీ డబ్బా జర బంద్ చెయ్యన్నా. పిల్లా, నువ్వు నా వేళ్లు సూస్కుంట పాడు" అంది. పాడాను. ఏం జరిగిందో ఎలా చెప్పను? కింద నేల గట్టిపడినట్టయింది. నా గొంతుకు అంతవరకూ లేని పొగరు వచ్చింది. బయట చాయ్ తాగుతున్న కార్ఖానా వాళ్లు గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డారు. ఆ రోజు రికార్డయిందే ఆ పాట.

వీడియో పెట్టినప్పుడు కింద పేర్లు వేశాం. చీరలు ఇచ్చిన దుకాణం పేరు వేశాం. మేకప్ చేసినామె పేరు, డ్రోన్ ఎగరేసినతని పేరు, మాకు అన్నాలు పంపినవాళ్ల పేరు కూడా వేశాం. వదిన పేరు లేదు.

"నా పేరేది?" అని నిలదీసింది.

"ఇంట్ల మనిషివే గద వదినా."

"నువ్వు గూడ ఇంట్ల మనిషివే. మరి నీ పేరెందుకేస్కున్నవ్?"

తర్వాతి పాటకు వేస్తానన్నాను. నిజంగానే వేసేదాన్నేమో. లేదు. వేసేదాన్ని కాదు. ఇక్కడ కూడా అబద్ధం ఆడబోయాను, చూశారా?

ఇది నేను చేసిన చిన్న తప్పు. పెద్దది తర్వాత జరిగింది. అది వదినకు కూడా తెలియదు. మొన్నటి దాకా తెలియదు.

పాట అప్పటికి అందరి ఫోన్లలో మోగుతోంది. వీడియో కింద నా నంబరే ఉంది. ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. ముంబయి నుంచి, హిందీలో. పెద్ద పెద్ద పాటలకు సంగీతం కూర్చే చోట పని చేస్తానన్నాడు. మాట నెమ్మదిగా ఉంది, పెద్ద వయసు మనిషి. నేను లేచి నిలబడ్డాను. కొంగు కూడా సర్దుకున్నాను, ఫోనులో కనపడతానన్నట్టు. పిలుపు వచ్చేసిందనుకున్నాను. ఆయన అడిగిన మొదటి మాట, "బేస్ కిస్‌నే బజాయా?"

బేసు ఎవరు వాయించారు?

ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడాడు. అంతా బేసు గురించే. నా గొంతు గురించి చెబుతాడని ఎదురుచూశాను. ఒక్క మాట లేదు. ఊరంతా నన్ను పొగుడుతుంటే, అసలు పని తెలిసిన మనిషి ఒక్కడు ఫోను చేసి నన్ను దాటుకుని నా వెనక ఉన్న మనిషిని అడుగుతున్నాడు. వదిన పక్కనే, వంటింట్లో రొట్టెలు చేస్తోంది. పిలిస్తే పలుకుతుంది.

"కోయీ నహీ," అన్నాను. "కంప్యూటర్ హై."

"అచ్ఛా" అని ఆయన ఫోను పెట్టేశాడు.

వదిన ముంబయి పోతే నా పాటలు మళ్లీ వేలాడతాయని భయపడ్డానా? అన్న ఒప్పుకోడు, ఇంట్లో గొడవవుతుంది, ఎందుకొచ్చింది అనుకున్నానా? ఇన్నేళ్లూ నాకు నేను ఇవే చెప్పుకున్నాను. భయమని, ఇల్లని, సంసారమని. ఇవేవీ కావు. కుళ్లు. ఒట్టి కుళ్లు. ఆయన మర్యాదకైనా "మీరు బాగా పాడారమ్మా" అని ఉంటే వదినను పిలిచేదాన్నేమో. అంత చవకగా అమ్ముడుపోయాను.

లోపలి నుంచి వదిన అడిగింది. "ఎవలు పిల్లా, పోన్ల?"

"ఎవలో. పాట మంచిగుందంటుండు."

పిండి చేతులతోనే గడప దగ్గరకు వచ్చింది. "బేసు గురించి ఏమన్న అన్నడా?"

ఆ ముఖం నాకిప్పటికీ కనపడుతుంది. అప్పుడైనా చెప్పవచ్చు. నంబరు నా చేతిలోనే ఉంది.

"బేసెవలకు ఇనవడ్తది వదినా," అన్నాను.

పెద్ద నోరున్న మనిషి, దేనికీ ఊరుకోని మనిషి, ఆ మాటకు మాత్రం వెనక్కి తిరిగి పొయ్యి దగ్గరకు పోయింది. నేను ఆ నంబరు తీసేశాను.

ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నా కోసం వాయించింది. ముందులా కీబోర్డతన్ని తిట్టలేదు. నాతో కొట్లాడలేదు. ఒకరోజు తీగలన్నీ వదులు చేసి, గిటారును పాత చీరలో చుట్టి అటక మీద పెట్టింది. టెంఘర్‌లో బట్టలు మడిచి ప్యాకింగ్ చేసే గోదాములో పనికి కుదిరింది. పొద్దంతా నిలబడే పని. మా అన్న "పోనీలే, ఇప్పుడు ఇల్లు సక్కగైంది" అన్నాడు. అన్న మీద కూడా నాకు కోపమే. ఏనాడూ ఆమె వాయిస్తుంటే కూర్చుని వినలేదు. కానీ అన్న తెలియనివాడు. నాకు తెలుసు.

తర్వాతి పాటలకు నిజంగానే కంప్యూటరు బేసు పెట్టాను. ఎవరైనా అడుగుతారని భయపడ్డాను. ఏమైంది, ఎక్కడికి పోయింది ఆ చెయ్యి అని. ఎవరూ అడగలేదు. లైకులు కొట్టారు, స్టేటస్‌లు పెట్టుకున్నారు, ఎగిరారు. మీ మీద కూడా నాకు కోపం. పాటకు ఒళ్లు ఊగుతుంది మీకు, దేనికి ఊగుతోందో మాత్రం ఒక్కసారీ అడగరు. నాలాంటిది పది అబద్ధాలు ఆడినా చెల్లిపోయేది అందుకే. అలాగని నా తప్పు మీ మీదికి తోయడం లేదు. ఫోను ఎత్తింది నేను.

పోయిన నెల మనవాళ్లు సంఘం హాల్లో నాకు సన్మానం చేశారు. వదిన కూడా వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. మైకు పట్టుకున్న అబ్బాయి హుషారుగా అడిగాడు. "అక్కా, ఆ పాటల వెనకంగ గుండెల మీద కొట్టినట్టు ఒక సప్పుడొస్తది గదా, అదెట్ల చేసిండ్రు?"

"అదా, కంప్యూటర్ల చేసినం," అన్నాను.

ఆలోచించి అనలేదు. దానంతటదే వచ్చింది, పళ్లు తోముకున్నంత సులువుగా. జనం చప్పట్లు కొట్టారు. వదిన లేచింది. కుర్చీలు జరుపుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయింది.

మర్నాడు శుక్రవారం. గోదాముకు ఆమె సెలవు పెట్టిందని తెలిసి మధ్యాహ్నం మా కొత్తింటి నుంచి కామత్‌ఘర్ పాతింటికి వెళ్లాను. తలుపు తీసి, లోపలికి రమ్మనలేదు. నేనే వెళ్లాను.

"రా," అంది అప్పుడు. "కంప్యూటర్ను సూడనీకొచ్చినవా?"

"వదినా..."

"ఆగు. పేరెయ్యలేదు, ఊకున్న. మా నాయినకు ఎయ్యలేదు, నాకెవలేస్తరనుకున్న. గని గంతమంది ముంగట నేను మనిషినే కానంటవా? నన్ను సూస్కుంట అంటవా?"

నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననిపించింది. నిలబడే ఫోను సంగతి చెప్పాను. ముంబయి మనిషి, ఆయన అడిగింది, నేను చెప్పింది, నంబరు తీసేసింది. కుళ్లు వల్ల చేశానని కూడా చెప్పాను. ఆమె కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

వదిన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"ఏమన్నడు?"

"ఎవలు వాయించిండ్రని అడిగిండు."

"గది కాదు. తర్వాత చానసేపు మాట్లాడిండన్నవ్. ఏమన్నడో సక్కగ జెప్పు. ఒక్క మాట గూడ ఇడువకు."

చెప్పాను. మరచిపోయి ఉంటే బాగుండేది, కానీ ఒక్క ముక్కా పోలేదు. చాలామందితో పని చేశానన్నాడు. ఈ చెయ్యి పాట వెంట పోవడం లేదు, పాటే దీని వెంట పోతోందన్నాడు. అందరూ వాయించేది వాయిస్తారు, ఈ మనిషి వాయించకుండా ఆగే చోట వింటున్నానన్నాడు. ఇలా ఆగేవాడు ఒకప్పుడు ఒక్కడుండేవాడు, తెలుగాయన, పేరు మాకెవరికీ గుర్తులేదన్నాడు. ఈ మనిషి ఎవరైనా సరే, రేపే వచ్చి నా పక్కన కూర్చోమనండి అన్నాడు.

వదిన కళ్లు మూసుకుంది. ఏడవలేదు. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద కదిలాయి, ఆగాయి.

"తెలుగాయన అన్నడా?"

"అన్నడు."

"ఇంకోసారి జెప్పు."

చెప్పాను. ఆఖరిదాకా. చెబుతున్నప్పుడు నాకర్థమైంది, నేను దొంగిలించింది పని ఒక్కటే కాదు. చచ్చిపోయిన ఆమె నాయనను గుర్తుపట్టిన ఒకే ఒక్క మనిషిని కూడా నేను తరిమేశాను.

"నాకు జెప్పినవ్, నీ పానం నిమ్మలమైంది. ఇంటికి పోయి పంటవు," అంది వదిన. "అందరి ముంగట అన్నవు, అందరికి జెప్పు. ఇగ పో."

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు, ఆమె ఇచ్చేదీ లేదు. వీడియో కింద ఆమె పేరు వేశాను, అన్నిటికన్నా పైన. ఎవరో కింద "ఎవరీమె?" అని రాశారు. ఆ ప్రశ్నకే ఇదంతా జవాబు. తప్పు చేసినదాని పేరు దాచుకుని రాస్తున్నానని తెలుసు. పిరికితనం ఇంకా పూర్తిగా పోలేదు. వదిన నాతో మాట్లాడడం లేదు. మాట్లాడదు కూడా. మా అన్న ఫోను చేసి, "ఇప్పుడివన్నీ ఎందుకు తవ్వుతున్నవ్" అని కసిరాడు.

ఎందుకంటే ఒక మనిషిని యంత్రమని చెప్పాను. ఒక్కసారి కాదు, రెండుసార్లు. అబద్ధమాడినప్పుడు నా గొంతు వణకలేదు. ఇది మాత్రం ఒక్కో మాట కొట్టేసి మళ్లీ రాస్తున్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి నా ఊపిరి నాకు నిండుగా ఆడుతోంది, దానికి కూడా సిగ్గుగానే ఉంది.