గుండె మీద చెయ్యి

కార్లను దూరాలకు చేరవేసే లారీలను కుదిర్చిపెట్టే ఆ బ్రోకరు ఎవరడిగినా గుండె మీద చెయ్యి వేసుకుని, "వాళ్లు మనవాళ్లేనండీ, నాదీ పూచీ" అంటాడు. ఆ చేతి రాపిడికి చొక్కా జేబు అంచు ఎప్పుడో నలిగిపోయింది. రిటైరైన ఒక టీచరమ్మ నిన్న అతని దగ్గరికి వచ్చి కూర్చుంది. అతను కుదిర్చిన లారీలోంచి ఆమె కారు తలుపు సొట్టపడి దిగింది. అంతా బాగుందని సంతకం పెట్టారుగా అని లారీవాళ్లు చేతులు దులిపేసుకున్నారు. "నేను పేరు చెప్పానంతేనండీ, బాధ్యత వాళ్లది" అని ఇతనూ గొణిగాడు.

"తప్పు నాదేలే బాబూ. మీరు చెప్పినవాళ్లు కదా అని చూడకుండానే సంతకం పెట్టేశాను" అందామె.

అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంతలో ఫోను మోగింది. ఎవరికో మంచి లారీ కావాలట. అలవాటుగా లేచిన చెయ్యి జేబు దాకా వచ్చి ఆగిపోయింది.

"కారు దించగానే చుట్టూ చూసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న టీచరమ్మ ఆ మాట వింది.