నీళ్ళు పోయని కుండీ

ఇక్కడి మన తెలుగువాళ్ళందరూ బాగున్నారా? మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు మందులు మానకుండా వేసుకుంటున్నారా? తువాస్ ఫ్యాక్టరీల పనుల నుంచి లారీల్లో వచ్చే పిల్లలు వానలో తడవడం లేదు కదా? బెడోక్‌లో ఉన్న బాలింతకి, పసిగుడ్డుకి కులాసాయేనా? నా బీపీ సంగతి మామూలే. రాయడానికి చెయ్యి ఆడటం లేదు గానీ, జురాంగ్ ఈస్ట్‌లో మా పక్కింటి అక్క పోయిన నెల కన్నుమూసింది.

అక్క వాళ్ళు తాతల నాడే ఈ దేశానికొచ్చిన తెలుగువాళ్ళు. ఆవిడ తెలుగులో సగం అరవం, కాస్త మలాయ్, మాట చివర ఇక్కడి వాళ్ళందరూ అనే 'లా'. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి "మకాన్ అయిందా చెల్లీ?" అనేది, తిన్నావా అని. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళాక సాయంత్రం దాకా నన్ను ఆ మాట అడిగే మనిషి ఆవిడొక్కతే.

నేను వచ్చిన కొత్తలో బాల్కనీ మొక్కలకు చెంబులతో నీళ్ళు పోస్తే, కింద ఫ్లాట్ వాళ్ళు కిటికీ బయట గడ మీద ఆరేసిన దుప్పట్లు తడిశాయి. కింద నుంచి ఎవరో ఆవిడ అరుస్తోంది. పోలీసుల్ని పిలుస్తుందేమోనని నాకు ఒకటే కంగారు. అక్క తన బాల్కనీలోంచి వంగి "సారీ లా ఆంటీ, కొత్త మనిషి!" అని కేకేసి, నా వైపు తిరిగింది.

"ఏం చెల్లీ, మొక్కకి పోస్తావా, కిందావిడకి తలస్నానం చేయిస్తావా?"

"ఎండిపోతుందేమోనని భయం అక్కా."

"దానికి దాహం లేదు. నీకే బెంగ. సుమ్మా ఉండు, ఊరుకో."

ఆ రోజే ఒక కాగితంపూల మొక్క ఇచ్చింది. "దీన్ని పట్టించుకోకు. అప్పుడే పూస్తాది," అంది. నా చెయ్యి ఊరుకుంటేనా! రోజూ ఒక గ్లాసు పోసేదాన్ని. ఆకులు గుబురుగా పెరిగాయే తప్ప ఒక్క పువ్వు లేదు. "ముద్దు చేసి చెడగొట్టినావు," అని నవ్వేది.

తొలిసారి తనతో రైలెక్కబోతే తలుపులు మూసుకుంటున్నాయని పరుగెత్తాను. చెయ్యి పట్టి ఆపింది. "పోతే పోనీలే. వెనకాల ఇంకో రైలు వస్తాది. నువ్వు పోతే ఇంకో చెల్లి రాదు."

ఆవిడ పోయాక బాల్కనీ తలుపు తీయబుద్ధి కాలేదు. అటు చూస్తే ఆవిడ ఆరేసిన తుడుపుగుడ్డ అలాగే ఉంది. వాన జల్లు కూడా మా కుండీ దాకా రాదు. మన వైపు ఉగాదికి చిగుళ్ళు వేస్తాయి గానీ, ఇక్కడ వసంతమని వేరే ఏముంది, ఏడాదంతా ఒకటే ఉక్క. మొక్క చచ్చే ఉంటుందనుకున్నాను. మొన్న బట్టలు ఆరేయబోయిన అమ్మాయి కేక పెట్టింది.

"అమ్మా, ఇటు రా! ఏం వేశావు దీనికి?"

ఆకులన్నీ రాలిపోయి, కొమ్మల నిండా గులాబీ రంగు పూలు.

"ఏమీ వెయ్యలేదే," అన్నాను. చూపిద్దామంటే అక్క లేదు. కూర్చుని ఏడ్చాను.

ఇక చూపించవలసింది అక్క భర్తకే. కర్మకాండ అయినప్పటి నుంచి ఆయన తలుపు తెరుచుకోలేదు. పూలు చూపిస్తే దుఃఖం రేపినట్టవుతుందేమో, ఊరుకుంటే లోపల ఒంటరిగా ఏమైపోతారో! ఒక రెమ్మ తుంచుకుని వెళ్ళి, రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకుని, చివరికి తట్టాను. ఆయన మెల్లగా వచ్చారు. రెమ్మను చేతిలోకి తీసుకున్నారు.

"నువ్వు నీళ్ళు పోయకుండా ఉన్నావా? మా ఆవిడ నమ్మేదే కాదు లా."

"నాకే నమ్మకం లేదు బావగారూ. వచ్చి చెట్టంతా చూడండి."

"ఇవాళ వద్దమ్మా. గడప దాటడానికి కాలు రావడం లేదు."

"మరి ఎప్పుడు?"

గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి, వేలు పెట్టి కాసేపు వెతికారు. అప్పటిదాకా పూలు నిలుస్తాయో రాలిపోతాయో! ఆయన కోసం కుర్చీ ఒకటి ఇప్పటి నుంచే బాల్కనీలో వేసి ఉంచాను. వస్తానన్నది ఈ ఆదివారం, పొద్దున పదింటికి.