దీవెనకు మందుగా పుట్టిన తమ్ముడు

2022 వేసవి. బెంగాల్‌లోని గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే యార్డు దాటాక వచ్చే ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నేను లేబర్ రూమ్ సిస్టర్‌ని. అప్పటికి పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఎన్నో కాన్పులు చూశాను, చాలావరకు మరిచిపోయాను. ఈ ఒక్క కేసు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చల్లగా రాయడం నా వల్ల కాదని ముందే చెప్పేస్తున్నాను.

కరుణ మూడో నెల కడుపుతో వచ్చింది. వెంట ఐదేళ్ల కూతురు దీవెన. పాలిపోయిన మొహం, ఉబ్బిన పొట్ట, రెండు చేతుల వెనకా సూది మచ్చలు. పిల్లను చూడగానే నాకు తెలిసిపోయింది. థలసీమియా. ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాని జబ్బు ఇది. తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉన్న లోపం రెండువైపుల నుంచీ బిడ్డకు చేరితే వస్తుంది. వాళ్లిద్దరూ బాగానే ఉంటారు. బిడ్డకు మాత్రం నెలనెలా ఎవరిదో రక్తం ఎక్కించాలి.

కరుణ భర్త ప్రకాశం కార్పొరేషన్ చెత్త లారీ మీద పనిచేస్తాడు. అతను ఇక్కడే పుట్టి పెరిగాడు. కరుణ సోంపేట వైపు నుంచి పెళ్లై వచ్చింది. ఆమెకు వచ్చిన బెంగాలీ కూరగాయల బేరం వరకే. నా నోట తెలుగు వినగానే ఆమె మొహం విప్పారింది.

"సిస్టరమ్మా, రెండో బిడ్డ బొడ్డు రగతంతో పెద్దదానికి నయమైపోతాదంట కదా? దీనికి రగతమెక్కించే కాడ ఒకాయన కాయితమిచ్చి సెప్పేడు. అందుకే ఈ కడుపు తెచ్చుకున్నాం" అంది.

దాన్ని మా వృత్తిలో కార్డ్ బ్లడ్ బ్యాంకింగ్ అంటాం. బిడ్డ పుట్టగానే బొడ్డుతాడులో, మాయలో మిగిలిన రక్తాన్ని బ్యాగులోకి తీసి, అతి చల్లని ట్యాంకుల్లో ఏళ్ల తరబడి దాచిపెడతారు. ఆ రక్తంలో కొత్త రక్తాన్ని పుట్టించే మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఉంటాయి. ఇది అబద్ధం కాదు. అన్నీ కుదిరితే తోబుట్టువు కణాలతో ఈ జబ్బు నయం కావచ్చు. "అన్నీ కుదిరితే" అనే మాటను మింగేస్తేనే అలా దాచిపెట్టే కంపెనీల వ్యాపారం నడుస్తుంది.

అలాంటి ఒక కంపెనీ తరఫున మా నర్సింగ్ హోమ్‌కు సుబ్రత అనే కౌన్సెలర్ వచ్చేవాడు. కౌన్సెలర్ అంటే మంచీ చెడ్డా చెప్పేవాడనుకునేరు, అమ్మేవాడు. డాక్టర్ మేడమ్ గదిలోకి తలుపు తట్టకుండా వెళ్లేంత చనువు అతనిది. ఆ చనువు ఏ కమీషన్లతో కుదిరిందో మా ఆయాలకు కూడా తెలుసు. ఆ రోజు కరుణను కూర్చోబెట్టి నన్ను పిలిచాడు. "సిస్టర్ దిది, మీవాళ్లే కదా. నేను చెప్పింది చెప్పినట్టు మీ భాషలో చెప్పండి, చాలు."

చెప్పింది చెప్పినట్టు చెప్పడంలో నాకు పేరుంది. మా నాన్న సంత్రాగాఛి యార్డులో రైల్వే ఉద్యోగి. క్వార్టర్స్ పక్కన మా తెలుగు చర్చిలో కూటాలు పెట్టినప్పుడు బెంగాలీ పాస్టర్ పక్కన నిలబడి తర్జుమా చేసేది నేనే, పదిహేనో ఏటి నుంచీ. దానికో పద్ధతుంది. దైవజనుడు గొంతు పెంచితే నువ్వూ పెంచాలి, ఆయన కన్నీళ్లు పెట్టుకుంటే నీ గొంతూ వణకాలి. నీ సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. ఆ పద్ధతిలో పండిపోయినదాన్ని. వేదిక మీది అలవాటును నర్సింగ్ హోమ్‌లోకి పట్టుకొచ్చాను, బుద్ధి లేనిదాన్ని.

సుబ్రత గొంతు పెంచాడు. నేనూ పెంచాను. "మీ పుట్టబోయే బిడ్డే మీ పాపకు ప్రాణదాత" అన్నాడు. అదే అన్నాను, అంతకంటే బాగా అన్నాను. కరుణ కళ్లు తుడుచుకుని, చేతులు జోడించి, "ఆమెన్" అంది.

అమ్మకం మాటకు ఆమెన్! వేలు పెట్టి చూపించిన ప్రతిచోటా సంతకం చేసింది. సుబ్రత ఫారం ఆరో పేజీ చదవకుండానే తిప్పేశాడు. అక్కడ చీమతలకాయంత అక్షరాలు నేను చూశాను. పుట్టే బిడ్డకూ అదే జబ్బు ఉంటే ఈ రక్తం పనికిరాదు. పిల్లలిద్దరి కణజాలం కలవకపోయినా పనికిరాదు. అతను చదవలేదు కాబట్టి నేను చెప్పలేదు.

పుట్టే బిడ్డకూ ఆ జబ్బు రావచ్చని నాకు తెలియదా? నర్సింగ్ చదువుకున్నదాన్ని. ఆ మూడో నెలలోనే కడుపులోని బిడ్డకు పరీక్ష చేయించవచ్చని కూడా తెలుసు. రక్తమెక్కించే పెద్దాసుపత్రిలో చెప్పే ఉంటారులే అనుకున్నాను. మేడమ్‌ని అడిగితే "కౌన్సెలింగ్ అయిందిగా" అంది. సుబ్రతేమో వైద్యం సంగతి డాక్టర్లదన్నాడు. ముగ్గురం ముగ్గురమే, ఒకరి మీదకొకరం నెట్టేసి చేతులు దులుపుకున్నాం.

పరీక్షలో తేలితే కరుణ ఏం చేసేదో నాకు తెలియదు. కడుపు తీయించుకోవడం పాపమంటారు మా సంఘంలో. బిడ్డను ఉంచుకునేదేమో. అది ఆమెకూ ఆమె దేవుడికీ మధ్య సంగతి. కానీ ఆ ప్రశ్న ఆమె ముందు పెట్టాలి కదా? ప్రశ్నను దాచేసి జవాబును అమ్మాం మేము.

నవంబరులో, పట్టపగలు, సుఖంగా కాన్పయింది. మగపిల్లవాడు. మామూలుగా అయితే బొడ్డుతాడుకు క్లాంప్ పెట్టడానికి ఒక నిమిషమో రెండు నిమిషాలో ఆగుతాం, అందులోని రక్తం బిడ్డకు చేరాలని. ఆగితే బ్యాగు నిండదు. "త్వరగా సిస్టర్, త్వరగా" అంది మేడమ్. బిడ్డకు దక్కాల్సింది బ్యాగులోకి పోతుంటే ఆ బ్యాగు పట్టుకున్నది నా చేతులే. వరండాలో దీవెన నాకు ఎదురొచ్చి, "సిస్టరమ్మా, నా మందు పుట్టీసిందా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ బిడ్డకు అప్పటికి వేరే పేరు లేదు.

ఆ ఆదివారం వాళ్ల చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించారు. ఫిబ్రవరిలో పెద్దాసుపత్రి నుంచి రిపోర్టు వచ్చింది. అక్కాతమ్ముళ్ల కణజాలం అచ్చంగా కలిసింది. జబ్బు కూడా కలిసింది. పిల్లవాడికీ థలసీమియానే.

కరుణ పిల్లవాణ్ని ఎత్తుకుని, దీవెనను నడిపించుకుని ఓపీకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"సిస్టరమ్మా, ఇలగవుద్దని మీకు ముందే తెలుసా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "తెలుసు కరుణా."

"మరి ఆ సుబ్రత దాదా సెప్పేడని కాదు కదా నాను సంతకమెట్టింది. మీరు సెప్పేరని ఎట్టాను."

అంతే అంది. చెంపమీద కొట్టినా అంత బాధ కలిగేది కాదు.

ఆ కోపమంతా తీసుకెళ్లి సుబ్రత మీద కుమ్మరించాను. అతను చెక్కుచెదరలేదు. "ఆరో పేజీలో ఉంది కదా దిది" అన్నాడు. పైగా దాచిన ఆ బొడ్డు రక్తాన్ని పరిశోధనకు ఇస్తున్నట్టు ఇంకో కాగితం మీద కరుణ సంతకం కావాలన్నాడు. వాళ్లు మూడో బిడ్డ కోసం ప్రయత్నిస్తామంటే కంపెనీ రాయితీ కూడా ఇస్తుందన్నాడు. మూడో బిడ్డట! కోడి ఇంకో గుడ్డు పెట్టదా అన్నట్టుంది అతని ధోరణి. పరిశోధన జరగాలి, నేను కాదనను. దీవెనలాంటి పిల్లలకు రేపెప్పుడో దారి దొరికేది దానివల్లే. కానీ మోసపోయిన తల్లి దగ్గర మళ్లీ తెలియని కాగితం మీద సంతకం అడగడానికి సిగ్గుండాలి. మేడమ్‌కి కూడా మొహం మీదే చెప్పాను. "ఎమోషనల్ అవకు సిస్టర్" అంది. మరుసటి వారం నన్ను లేబర్ రూమ్ నుంచి ఓపీకి మార్చారు.

కాగితం విషయం దాచకుండా కరుణకు చెప్పాను. మెట్ల కింద బల్ల మీద కూర్చున్నాం. దీవెన తమ్ముడి వేళ్లు లెక్కపెడుతోంది. ప్రకాశం మూడో బిడ్డ సంగతి అప్పుడే ఇంట్లో ఎత్తాడట.

"ఈ పాలి ఆ దాదా మాట వొద్దు" అంది కరుణ. "మీకేటి తెలుసో అది సెప్పండి."

చెప్పాను. ఎన్నో కడుపైనా ఆ జబ్బు భయం అంతే ఉంటుందని, ఒకసారి వచ్చింది కదా అని తగ్గదని. మూడో నెలలో ఏం పరీక్ష చేస్తారో, దానివల్ల ఉన్న చిన్న ప్రమాదమేమిటో. బిడ్డకు జబ్బు లేకపోయినా కణజాలం కలవకపోవచ్చని. కలిస్తే, బొడ్డు రక్తం దాచకపోయినా, తర్వాత ఎముక మజ్జ నుంచి ఆ కణాలు తీయవచ్చని. పరిశోధన కాగితం మీద సంతకం పెట్టినా పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనడానికి లేదని. ఆమె మధ్యలో ఆపి అడిగింది, అడిగినది మళ్లీ అడిగింది. అంతా అయ్యాక పిల్లవాణ్ని భుజం మార్చుకుంది.

"ఇదంతా సెప్పడానికి ఎంతసేపట్టింది సిస్టరమ్మా?"

గడియారం చూశాను. "ఇరవై నిమిషాలు."

"అంతేనా?" అంది.

ఇప్పుడు నా ఓపీ బల్ల ముందుకు ఏ జంట వచ్చినా, వాళ్ల చేతిలో ఎవరి బ్రోచర్ ఉన్నా, ముందు ఆ ఇరవై నిమిషాలు కూర్చోబెడతాను. నా మాటల్లోనే చెబుతాను. వెనక క్యూ పెరుగుతుంది, మేడమ్ కబురు పంపుతుంది, ఆలస్యమవుతోందని సుబ్రత తలుపు దగ్గర గొణుగుతాడు. గొణగనీ. చెప్పడం పూర్తయ్యేదాకా నేను లేవను.